రక్తబిందువు - సూక్ష్మదర్శిని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పండితులు సాహిత్యమును గూర్చి చక్కగా ప్రసంగించిరి. పాలకవర్గమువారు నన్ను మాత్రము వేఱొక పనికి నియోగించిరి. ఉత్సవనిధిలో మిగిలిన సొమ్ముతో కొన్న సూక్ష్మదర్శినిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. నేను వైద్యుడను గాను, శాస్త్రజ్ఞుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. భారత భాగవతములు, ప్రబంధములు గురువు లేకయే చదువుకొంటిని, తెలిసినంతవఱకే తెలిసినవి. ఐనను ఈ యంత్రమును కొనవలెనని మూడేండ్లుగా పట్టుబట్టినవాడను నేనే. కావున దీనికి సమాధానము చెప్పవలసిన బాధ్యతయు నాదే.

మొన్న దీనిని పెట్టెనుండి తీయుచుండగా పెద్దలొకరు, “ఏమోయ్, పుస్తకములుండు చోట ఈ యంత్ర మెందులకోయ్?” అని యడిగిరి. న్యాయమైన ప్రశ్న. అప్పుడు నేను నవ్వి యూరకుంటిని. నేడు ఆయన ముందువరుసలోనే కూర్చుండియున్నారు గాన, సమాధానము వినిపించెదను.

కురుక్షేత్ర యుద్ధమునకు ముందు వ్యాసుడు సంజయునకు దివ్యదృష్టి నొసంగెనని మన మందఱమును ఎఱుగుదుము. దూరమున నున్నదానిని దగ్గఱ నున్నట్లు చూపు దృష్టి యది. దగ్గఱనే యుండియు కంటికి కానరానిదానిని చూపునది మఱియొక దృష్టి. ఆ రెండవ దృష్టిని సంపాదించినవారిలో ముఖ్యుడు ఋషి గాడు, పండితుడును గాడు. హాలండు దేశమున డెల్ఫ్ట్ పట్టణమున బట్టల వ్యాపారము చేసిన ఆంటోనీ వాన్ లేవెన్‌హుక్ అనువాడు. జననము 1632. ఆ కాలపు విద్వద్భాషయైన లాటిను ఆయనకు రాదు. పట్టణమువారి కొలువులో చిన్న యుద్యోగములు చేసెను. భూమిని కొలిచెను, మద్యపు పీపాలను కొలిచెను. ఈ సంగతి చదివినప్పుడు, కొలతలు వ్రాసికొను మావంటివారికిని లోకములో కొంత చోటు కలదని నాకు సంతోషము కలిగినది.

ఆయన తన చేతితో గాజును అరగదీసి, పెసరగింజవంటి చిన్న కటకములు చేసి, లోహపురేకుల నడుమ బిగించి, వానిగుండ చూచెను. ఆయన కటకములలో మిగిలినవానియందు మేలైనది వస్తువును సుమారు 270 రెట్లు పెంచి చూపును. 1674లో తన రక్తమును చూచి, అది ఒకే ఎఱ్ఱని ద్రవము గాదనియు, తేటనీటివంటి ద్రవములో తేలుచున్న అసంఖ్యాకమైన చిన్న కణములే దానికి ఎఱుపు నిచ్చుచున్నవనియు లండను రాయల్ సొసైటీకి తెలిపెను. అంతకు ముందే ఆ దేశమువాడే యైన స్వామర్‌డామ్ ఈ కణములను చూచియుండెను గాని, కొలతతో వర్ణించి లోకమునకు తెలిపినవాడు ఈ బట్టల వర్తకుడు.

ఇక రక్తమున నేమున్నదో చూతము. లెక్కలవాడను గాన లెక్కలతోనే చెప్పెదను. ఎఱ్ఱకణము గుండ్రని బిళ్ళవలె నుండి, నడుమ ఇరువైపుల పల్లముగా నుండును. దాని యడ్డుకొలత సుమారు 7.5 మైక్రానులు. మిల్లీమీటరులో వెయ్యవవంతు ఒక మైక్రాను. అనగా ఒక మిల్లీమీటరు పొడవున నూటముప్పది కణములు వరుసగా నిలువగలవు. ఒక ఘనమిల్లీమీటరు రక్తమున, అనగా గుండుసూది తలయంత చోటున, ఆరోగ్యవంతుడైన పురుషునికి దాదాపు 50 లక్షల ఎఱ్ఱకణములుండును. స్త్రీకి కొంచెము తక్కువ. అంత చోటనే తెల్లకణములు 4 వేలు మొదలు 11 వేల వఱకును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు లక్షన్నర మొదలు నాలుగు లక్షలకు పైగాను ఉండును. పెద్దవాని దేహమున రక్తము సుమారు 5 లీటర్లు. గుణించి చూడుడు: ఎఱ్ఱకణములు 25 లక్షల కోట్లు. ఒక్కొక్క కణపు ఆయుర్దాయము సుమారు 120 దినములు. కావున ప్రతిదినము దాదాపు 20 వేల కోట్ల కణములు ఖర్చగుచుండును. అన్నియు ఎముకల మూలుగలో క్రొత్తగా జమ యగుచుండును. ఇంత జమాఖర్చు ఏ మానవుడును వ్రాయలేడు. మనము నిదురించు వేళ కూడ ఈ చిట్టా నడచుచునే యున్నది.

“ఇన్ని కణములను లెక్కించిన దెవరు?” అని మన పిల్ల లడుగుదురు. లెక్కించు విధానము మా వృత్తివారికి నచ్చునది. ఒక గాజుపలకమీద సన్నని గీతలతో గళ్ళు గీయబడియుండును. దానిపై మూతగాజు నుంచినచో నడుమ మిల్లీమీటరులో పదవవంతు లోతు మిగులును. రక్తమును కొలిచి ఇరువది వంతులకు పలుచన చేసి, ఎఱ్ఱకణములు కరగునట్టి ద్రవముతో కలిపి, ఆ సందున నింపుదురు. నాలుగు మూలల నున్న నాలుగు చదరపు మిల్లీమీటర్ల గళ్ళలోని తెల్లకణములను లెక్కించి, వచ్చిన సంఖ్యను 50తో గుణించినచో ఘనమిల్లీమీటరు లెక్క తేలును. గీతమీద పడిన కణమును రెండుమాఱులు లెక్కింపకుండుటకు, రెండు వైపుల గీతలను చేర్చుకొని, తక్కిన రెండు వైపులను విడిచివేయుదురు. పొలముల సరిహద్దు గట్టుల లెక్కలో మేమును ఇంతే జాగ్రత్త పడుదుము. నేడు పట్టణపు ఆసుపత్రులలో ఈ లెక్కను యంత్రములే చేయుచున్నవి. ఐనను యంత్రపు లెక్క సందేహాస్పదముగా నున్నప్పుడు నిపుణుడు స్లైడును కంటితో చూచి తీర్పు చెప్పును.

లెక్క యొకటి, రూపు మఱియొకటి. రూపును చూచుటకు వేలికొనను సూదితో గ్రుచ్చి, ఒక బొట్టును గాజుపలకమీద నుంచి, మఱియొక పలక యంచును ఏటవాలుగా ఆనించి, ఒక్క ఊపున ముందునకు త్రోయుదురు. రక్తము తమలపాకు కొనవలె పలుచగా సాగి యారును. ఆరిన దానిపై రంగు పోయుదురు. రంగులేని రక్తమున తెల్లకణముల లోపలి భాగములు స్పష్టముగా కానరావు. జర్మనీ దేశీయుడైన పాల్ ఎర్లిఖ్ 1879 ప్రాంతమున రంగుల నుపయోగించి తెల్లకణములలో తెగలను వేఱుపఱచెను. తరువాత రష్యాలో రొమనోవ్‌స్కీ, స్కాట్లండువాడైన లీష్‌మన్, జర్మనీలో గీమ్సా ఆ రంగులను మెఱుగుపఱచిరి. మన దేశమున జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనువారు త్వరగా పట్టు రంగొకటి కూర్చిరి. మలేరియా స్లైడుల పరీక్షకు అది మన దేశమున మిక్కిలి వాడబడినది. ఈ రంగులు పట్టిన పిమ్మట ఎఱ్ఱకణము గులాబివన్నెగను, తెల్లకణపు నడిబొడ్డు ఊదారంగుగను కనబడును. పరాయివాడు లోపల చొరబడియున్నచో వాడును తన రంగుతో బయటపడును.

ఆ పరాయివాని కథయే నేడు నేను చెప్పదలచినది.

మన పూర్వ వైద్యులు విషమజ్వరములను చెప్పిరి. దినము విడిచి దినము వచ్చు జ్వరమును తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థకమనియు పేరులు పెట్టిరి. చరకసుశ్రుతుల గ్రంథములలో ఈ పేరులు కలవు. కాలమును అంత నేర్పుతో కనిపెట్టినవారికి కారణము మాత్రము కంటికి దొరకలేదు. దొరకుటకు సాధనము లేదు. 1880 నవంబరు 6వ తేదీని అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ పట్టణపు సైనిక వైద్యశాలలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు చలిజ్వర పీడితుని రక్తమున కదలుచున్న జీవిని చూచెను. అది ఎఱ్ఱకణమున దూరి, దానిని తిని పెరిగి, పలు పిల్లలుగా చీలి, కణమును పగులగొట్టి బయటపడును. ఆ పిల్లలు మఱల క్రొత్త కణములను పట్టును. పగులు వేళయే వణకు వేళ. ఒక జాతికి ఈ పని సుమారు 48 గంటలకును, వేఱొక జాతికి 72 గంటలకును జరుగును. తృతీయక చాతుర్థకముల గుట్టు ఇదియే! దేవీమాహాత్మ్యమున రక్తబీజుని కథ వినియున్నారు గదా. నేలబడిన బొట్టొక్కంటికి ఒక్కొక్క రాక్షసుడు పుట్టెనట. ఈ రక్కసుడు బొట్టు నేల బడకముందే, నరములలోనే పుట్టుచున్నాడు.

ఈ జీవి మనుష్యుని రక్తమున ఎట్లు చేరునో తెలిసినది మన తెలుగునేలమీదనే. రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1857లో అల్మోరాలో జన్మించినవాడు. 1897లో సికిందరాబాదునందు, నేడు బేగంపేట యనబడు చోట, దోమలను చీల్చి సూక్ష్మదర్శినితో వెదకుచుండెను. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి తన్ను కుట్టించుకొనుటకు ఒప్పుకొనెను. దోమ కొక్క అణా చొప్పున రాస్ అతనికి ముట్టజెప్పెను. అది ఎండలు ఉక్కలు గల కాలము. విసనకఱ్ఱ విసరినచో చీల్చిన దోమలు ఎగిరిపోవునని గాలియైనను లేక ఆయన పని చేసెను. చెమటకు యంత్రపు మరలు తుప్పుపట్టెను, కంటిగాజు పగిలియుండెను. ఆగస్టు 20వ తేదీని, నాలుగు దినముల క్రిందట రోగిని కుట్టిన దోమ పొట్టగోడలో, మలేరియా జీవికి మాత్రమే యుండు నల్లని రజను గల గుండ్రని కణములను కనుగొనెను. మఱుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాపై ఆ క్రమమంతయు తుదిముట్ట నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మనుష్యుల మలేరియా అనాఫిలిస్ జాతి దోమలలో పెరుగు విధమును ఇటలీలో గ్రాసీ మొదలగువారు 1898లో చూపిరి. రాస్ పని చేసిన భవనము బేగంపేటలో నేటికిని కలదు. మన విద్యార్థులను ఒకమాఱు అచ్చటికి తీసికొనిపోవలెనని పాలకవర్గమువారిని కోరుచున్నాను.

సభాసదులారా, ఇంతవఱకు చెప్పినది గ్రంథములనుండి గ్రహించినది. ఇక చెప్పునది నా యింటిది. ఈ వేదికమీద చెప్పవచ్చునా యని చాల యాలోచించితిని. చెప్పుటయే ధర్మమని తోచినది.

అది 1995వ సంవత్సరము, వానకాలము. నాకప్పటికి పెండ్లి కాలేదు. మా అక్క కుమారుడు, తొమ్మిదేండ్లవాడు, అమ్మమ్మను చూడవచ్చి మా యింట నుండెను. వచ్చిన వారమునకు చలితో జ్వరము వచ్చెను, నడుమ నొకనాడు తగ్గెను, మఱల వచ్చెను. ఆ దినములలో ఆరోగ్య కార్యకర్త పదునైదు దినముల కొకసారి ఇల్లిల్లు తిరిగి, జ్వరమున్నవారి వేలినుండి రక్తము తీసికొని, మాత్ర లిచ్చి పోవుచుండెడివాడు. అతడు మా వాకిట నిలిచి, “బాబుగారూ, పిల్లవాడికి జ్వరమట గదండీ. ఒక్క బొట్టు తీసుకుంటాను,” అని యడిగెను. నేను అరుగుమీద పంచాంగము ముందు పెట్టుకొని కూర్చుండియుంటిని. “నేడు అమావాస్య. పసివాని రక్తము తీయరాదు. రేపు రమ్ము,” అంటిని.

ఆ మాట పలికినది అజ్ఞానము మాత్రమే గాదు. నాలుగు గ్రంథములు చదివితి నను అహంకారము కూడ. అతడు తిరుగవలసిన గ్రామములు పెక్కు. మరునాడు వేఱొక యూర నుండును. మా వీధి వంతు మఱల పక్షము దినములకుగాని రాదు. ఆ సంగతి నే నెఱుగనిది గాదు. పిల్లవాడు లోపలినుండి వచ్చి, “మామయ్యా, సూది నొప్పి పుడుతుందా?” అని యడిగెను. అడుగుచునే వేలు చాచెను. అతడు సంచి మూసికొని వెడలిపోయెను.

మూడవనాడు పిల్లవాడు పలుకుట మానెను. బండిమీద పట్టణమునకు తీసికొనిపోవుసరికి స్మృతి తప్పెను. అచటి పరీక్షకుడు రక్తమును చూచి వైద్యునితో మాటలాడి వచ్చి, నేను గోడ కానుకొని నిలిచియుండగా, ఏల తోచెనో, “చూస్తారా?” అని పిలిచెను. నా జన్మలో సూక్ష్మదర్శినిలోనికి చూచుట అదియే మొదలు. గులాబివన్నె బిళ్ళలలో సన్నని నీలపు ఉంగరములు, ఒక్కొక్క ఉంగరమునకు ఎఱ్ఱని రాయి. ఒక్కొక్క బిళ్ళలో రెండేసి యుంగరములును కలవు. ఎంత అందముగా నుండెనో చెప్పుటకు నేటికిని సిగ్గగుచున్నది. అది ఫాల్సిపారమ్ అను జాతి. ఆ జాతి పెరిగిన కణములు మెదడులోని సన్నని నాళముల గోడలకు అంటుకొని దారి మూయును. మందు ఆరంభించిరి. నాలుగవనాటి తెల్లవాఱుజామున పిల్లవాడు పోయెను.

మా అక్క నన్నొక్క మాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

సంజయుని దృష్టి ధృతరాష్ట్రుని కక్కఱకు రాలేదు. చూచి చెప్పువాడు ప్రక్కనే యున్నను, వినువాడు మనసున పెట్టలేదు. నా వాకిటికి సంజయుడు సంచి తగిలించుకొని వచ్చెను, ధృతరాష్ట్రుడను నేనైతిని. ఆ పిమ్మట పంచాంగమును చూడక మానలేదు గాని, జ్వరమును గూర్చి దాని నడుగుట మానితిని.

వేలినుండి తీసిన బొట్టు చెప్పునది చలిజ్వర మొక్కటే గాదు. ఆహారమున ఇనుము చాలనివారి ఎఱ్ఱకణములు చిన్నవై వెలవెలబోయియుండును. ఫోలిక్ ఆమ్లము చాలనివారి కణములు పెద్దవై యుండును. గర్భిణులలో కనబడు ఇట్టి పాండురోగమును లూసీ విల్స్ అను వైద్యురాలు 1928 మొదలుగా బొంబాయిలో పరిశీలించెను. ఆ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు 1940 దశకమున అమెరికాలో నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోదకాలు కలిగించు క్రిమి పిల్లలు పగలు లోపలి నాళముల దాగి, రాత్రివేళ వెలుపలి రక్తమునకు వచ్చును. అందువలననే ఆ పరీక్షకు వచ్చువారు రాత్రి తలుపు తట్టుదురు. వారిని దొంగలవలె చూడకుడు. ఆ రోగమునకు నేటికిని వాడు డైఇథైల్ కార్బమజీన్ మందును గూడ సుబ్బారావుగారి బృందమే 1947లో వెలికి తెచ్చినది.

మఱియొకటి, కొడవలి కణముల రోగము. 1910లో చికాగో వైద్యుడు హెరిక్ దీనిని వర్ణించెను. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి సన్ననాళములలో చిక్కుకొనును. మన మన్యప్రాంతపు కుటుంబములలో ఇది కలదు. తల్లియు తండ్రియు ఆ లక్షణమును మోయుచున్నచో బిడ్డకు రోగము రాగలదు. ఆ లక్షణమును మాత్రమే మోయువారిని తెలిసికొనుటకు సూక్ష్మదర్శిని యొక్కటి చాలదు. వేఱు పరీక్షలు కావలెను. 2023లో దీని నిర్మూలనకై దేశవ్యాప్త కార్యక్రమ మారంభమైనది. పెండ్లికి ముందు జాతకములు చూపించుకొను మనము రక్తమును గూడ చూపించుకొనిన తప్పేమి?

ఇక ఒక హెచ్చరిక. మన గ్రంథాలయమునకు వచ్చినది విద్యార్థులకు తగిన యంత్రము. దీనితో ఉల్లిపొర చూడుడు, చెఱువునీరు చూడుడు, సిద్ధముచేసిన స్లైడులలో రక్తకణములు చూడుడు. రోగనిర్ణయము మాత్రము ఇచ్చట చేయకుడు. మలేరియాను గుర్తించుటకు వెయ్యి రెట్లు పెంచు కటకము, దానిపై నూనెబొట్టు, శిక్షణ పొందిన కన్ను కావలెను. మందముగా పూసిన రక్తమున నూఱు చోటులైన వెదకినగాని “లేదు” అని చెప్పరాదు. ఆ పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిది. నేడు కొన్ని నిమిషములలో ఫలితము చూపు పరీక్షాపట్టీలును వారియొద్ద కలవు. మలేరియా మునుపటికన్న చాల తగ్గినది. తగ్గినదని మఱచుటయే దానికి మనమిచ్చు ఆహ్వానము. చలితో జ్వరము వచ్చినచో మొదటి దినమే రక్తము చూపించుడు. అంగడిలో ఊహమీద మాత్రలు కొని మ్రింగకుడు. వైద్యుడు చెప్పినన్ని దినములును మందు పూర్తిగా వాడుడు. జ్వరము తగ్గెనని నడుమ మానకుడు. ఇంటిముందు నీరు నిలువనీయకుడు.

ఇక నన్ను ప్రశ్నించిన పెద్దలకు సమాధానము. అయ్యా, పుస్తకము కూడ కటకమే. మనకు కానరానిదానిని చూపునదే గ్రంథాలయమున నుండదగినది. ఒక్కటి చదివి, రెండవదానిని తృణీకరించుటవలన నేమగునో నే నెఱుగుదును. మన పిల్లలు రెంటిని చేరదీయవలెను. భాగవతము చదివిన చేతులతోనే ఈ మరలు త్రిప్పవలెను.

ఈ యంత్రపు పెట్టెపై దాత పేరు వ్రాయుదుమని పాలకవర్గమువారనిరి. సొమ్ము ఊరిది గాన, పేరు వలదంటిని. వ్రాయదలచినచో ఈ యొక్క మాట వ్రాయుడని కోరితిని: “వేలు చాచిన పిల్లవానిని వెనుకకు పంపకుము.”